మావ వేసిన అతుకు

మావ పోయాడన్న కబురు డయాలసిస్ వ్యాను డ్రైవరు చెప్పాడు. పొద్దున పదిన్నర అయి ఉంటుంది. టెక్కలిలో నా షెడ్డులో, మూలపేట పోర్టు పనికి రాళ్ళు తోలే టిప్పరు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఫోను గుండెల మీద పెట్టుకుని స్పీకరు నొక్కాను. "బావా, మావ ఎల్లిపోనాడు. టీ తాగి కుర్సీలో కూకున్నాడట. అలగే..." అన్నాడు.

నాకు మొదట దుఃఖం రాలేదు. ఈ మాట రాయడానికి చెయ్యాడటం లేదు గాని, ఇది రాయకుండా మిగతాదంతా రాయడం దండగ. మొదట నాకు కలిగింది ఊరట. హమ్మయ్య, ఇక ఆ వైరు ముక్క సంగతి అడిగే మనిషి లేడు అనుకున్నాను. ఆ తరవాత ఏడుపొచ్చింది. ఏడుపు తరవాత సిగ్గు వచ్చింది. ఏడుపు సాయంత్రానికి తగ్గింది గాని సిగ్గు ఈ పూటకీ తగ్గలేదు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం మన ఆనవాయితీ. మావ గురించి నలభై చెప్పగలను, చెబుతాను కూడా. కానీ రెండేళ్ళ కిందట నేను చేసిన తప్పును ఆయన నెత్తిన వేశాను. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతికున్న మంచిపేరు ఒక్క పూటలో పోయింది. దాన్ని తిరిగి ఇవ్వగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. ఆయన బతికుండగా ఆ పని చెయ్యలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. కాశీబుగ్గలో ఆయన్ని మావ అనని డ్రైవరు లేడు. పాత బస్టాండు వెనక, జీడిపప్పు బట్టీల పొగ వాసన తగిలే సందులో ఆయన రేకుల షెడ్డు. పేరుకు బ్యాటరీల కొట్టు. సోంపేట నుంచి సంతబొమ్మాళి దాకా లారీ గాని, ట్రాక్టరు గాని, వేటకెళ్ళే పడవ ఇంజను గాని, దేనికి కరెంటు జబ్బు చేసినా తిరిగి తిరిగి చివరికి అక్కడికే చేరేది. ఆదివారం మాత్రం ఎవరొచ్చినా తాళమే. మిషను చర్చిలో ముందు వరసలో కూర్చుని, రాగం తప్పినా గొంతు తగ్గించకుండా పాడేవాడు.

నేను ఆయన దగ్గరికి పని నేర్చుకోవడానికి వెళ్ళలేదు, ఆయనకి నేర్పడానికి వెళ్ళాను. నవ్వకండి. డిప్లొమా చదివి, విశాఖలో కార్ల షోరూములో నాలుగేళ్ళు పనిచేసి, ఇంటి అవసరం కొద్దీ ఊరికి తిరిగొచ్చిన రోజులవి. చేతిలో స్కానరుంది. దాన్ని బండికి తగిలిస్తే జబ్బు పేరు తెరమీద పడుతుంది. రెండు కళ్ళజోళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వైర్లు చూసే ఈ పెద్దాయనకి నేను తోడుంటే ఆయన అదృష్టమే అనుకున్నాను. "ఉండు అల్లుడా, నీ పెట్టె కూడా ఉండనీ" అన్నాడు. పెట్టెకీ నాకూ కలిపి ఒకే స్టూలు చూపించాడు.

మొదటి వారంలోనే ఒక పాల వ్యాను వచ్చింది. నడుస్తూ నడుస్తూ ఇంజను ఆగిపోతుంది, పది నిమిషాలు చల్లారితే మళ్ళీ స్టార్టు. నా స్కానరు క్రాంక్ సెన్సరని చెప్పింది. ఇంజను తిరుగుతోందో లేదో, ఎంత వేగంతో తిరుగుతోందో బండిలోని కంప్యూటరుకి చెప్పే చిన్న ముక్క అది. అది నోరు మూసుకుంటే కంప్యూటరు డీజిలు ఆపేస్తుంది. నేను కొత్త సెన్సరు వేసి, చేతులు తుడుచుకుని, పని అయిపోయిందన్నాను. వ్యాను మర్నాడు తాడు కట్టించుకుని వచ్చింది. ఇంకో సెన్సరు వేశాను. మళ్ళీ వచ్చింది.

మూడోసారి మావ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "నీ పెట్టె ఏటి సెప్పినాది?"

"సెన్సరు పోనాదంతంది మావా."

"సెన్సరు పోనాదంతందా, సెన్సరు మాట వినపడతనేదంతందా? సరిగ్గా సదువు."

చదివాను. సిగ్నలు అందడం లేదనే ఉంది.

"మరి? మీ ఆవిడ ఫోనెత్తకపోతే మనిషే పోనాదనుకుంతావేటి? టవరు నేదేమో, సార్జింగు నేదేమో. మనిషి దగ్గరికి ఎల్లే దారి సూడాల ముందు."

ఆ దారి ఎలా చూడాలో ఆ మధ్యాహ్నం చూపించాడు. ఇంజను నడుస్తుండగా వైర్ల కట్టను సెన్సరు దగ్గర్నుంచి జానెడు జానెడు చొప్పున మెల్లిగా కదుపుతూ వెళ్ళాడు. ఒకచోట ఇంజను గుటక మింగినట్టు ఆగి నడిచింది. అక్కడ ఆగాడు. నేను మీటరు పెట్టి, వైరు తెగలేదు మావా, బాగానే ఉంది అన్నాను. ఆయన ఆ వైరుని రెండు కొసలా ఊడదీసి, దాని గుండా బ్యాటరీ నుంచి చిన్న బల్బుకి కరెంటిచ్చాడు. బల్బు మిణుకుమని ఊరుకుంది.

"మీటరు మర్యాదస్తుడురా అల్లుడా. లోపల ఒక్క పోగు మిగిలినా అంతా బాగున్నాదనే సెప్తాది. బల్బు మోటోడు. బరువెత్తి సూపించమంతాడు" అన్నాడు.

తోలు ఒలిచి చూస్తే అంతే. రాపిడికి పోగులన్నీ తెగి, ఒక్కటి వేలాడుతోంది. వ్యాను వెళ్ళేటప్పుడు ఆయన అయిపోయిందనలేదు. ఎప్పుడూ అనడు. "పది రోజులు తిప్పు" అనేవాడు. పదో రోజు తనే ఫోను చేసి "ఎలగున్నాది బండి?" అని అడిగేవాడు, కూతుర్ని అత్తారింటికి పంపినవాడిలాగ. ఆ రోజు నుంచి నేను నేర్పడం మానేసి నేర్చుకోవడం మొదలుపెట్టాను. మూడేళ్ళు నేర్చుకున్నాను.

ఆయన కోపం నేను చూసింది ఒకే ఒక్కసారి. అది కూడా నా తప్పుకి సంబంధించినదే కాబట్టి చెప్పాలి.

వైరులో కరెంటు వస్తోందా లేదా చూడటానికి మెకానిక్కులు ఒక దొడ్డిదారి తొక్కుతారు. వైరు కొసన ఉండే కనెక్టరు ఊడదియ్యడం బద్ధకమైతే, మీటరు సూదిని వైరు తోలులోంచి లోపలి రాగికి గుచ్చేస్తారు. అర నిమిషంలో పని అయిపోతుంది. షోరూములో మేమంతా అదే చేసేవాళ్ళం. కాశీబుగ్గలో నేను ఒకసారి గుచ్చగానే మావ నా చేతిలోంచి సూది లాగి నేలకేసి కొట్టాడు.

"నీ విశాపట్నం కాదిది, ఉద్దానం! ఇక్కడ గాలికే ఉప్పుంటాది. తీగకి సిల్లు పెడితే సముద్రం వచ్చి లోపల కూకుంతాది. ఇయాల కాదు, ఆర్నెల్లకి. అప్పుడు నువ్వుండవు, ఆ డ్రైవరుంతాడు నడిరోడ్డు మీద!"

తరవాత ఆయనే సూది ఏరి నాకిచ్చి, తప్పనిసరై గుచ్చాల్సి వస్తే ఆ చిల్లు మీద రబ్బరు జిగురు పెట్టి, టేపు చుట్టి, అప్పుడు గాని బండి కింద నుంచి లేవకూడదని చెప్పాడు. నేను ఒట్టేసినంత పని చేశాను.

టెక్కలిలో సొంత షెడ్డు పెట్టుకుంటానంటే ఆయన ముఖం మాడ్చుకోలేదు. తన చర్చి అయ్యగారిని వెంటబెట్టుకొచ్చి ప్రార్థన చేయించాడు, మా ఇంటివాళ్ళు కొట్టిన కొబ్బరికాయ చెక్క కూడా కళ్ళకద్దుకుని తిన్నాడు. టెక్కలి వైపు బళ్ళన్నిటికీ "మా అల్లుడున్నాడు, నాకంటే బాగా సూత్తాడు" అని చెప్పి పంపేవాడు. పోర్టు పని మొదలయ్యాక టిప్పర్లు బారులు తీరాయి. నాకు తలెత్తే తీరిక లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం డయాలసిస్ వ్యాను వచ్చింది. వజ్రపుకొత్తూరు వైపు తీరం ఊళ్ళ వాళ్ళు కలిసి నడుపుకునే బండి అది. కిడ్నీ జబ్బు వాళ్ళని వంతుల ప్రకారం పలాస ఆసుపత్రికి తీసుకెళ్ళి తెస్తుంది. డ్రైవరు ఏదో పని మీద టెక్కలి వచ్చి, ఎర్ర లైటు వెలుగుతోందని నా దగ్గర ఆపాడు. క్రాంక్ సెన్సరు కనెక్టరు ఇంజను వెనక, చెయ్యి దూరని చోట ఉంది. బయట మూడు టిప్పర్లు హారన్లు కొడుతున్నాయి. కనెక్టరుకి నాలుగు వేళ్ళ వెనక వైరుకి సూది గుచ్చి చూశాను. కనెక్టరు వదులైంది, అంతే. బిగించాను, లైటు ఆరింది. జిగురు డబ్బా బల్ల మీద ఉంది. బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. మళ్ళీ చేద్దాంలే అనుకుని లేచిపోయాను. మళ్ళీ అనేది రాలేదు.

కొన్ని నెలల తరవాత అదే వ్యానులో ఎలుకలు దూరి అదే వైరుని, నేను గుచ్చిన చోటుకి జానెడు అవతల, కొరికేశాయి. ఈసారి డ్రైవరు కాశీబుగ్గలో ఉన్నాడు కాబట్టి మావ దగ్గరికి వెళ్ళాడు. మావ అతుకు వేశాడు. పోగులు విడదీసి, ఒకదానిలోకి ఒకటి అల్లి, సోల్డరు కరిగించి, పైన గొట్టంలాంటి రబ్బరు స్లీవు వేసి, టేపు చుట్టాడు. పదో రోజు ఫోను చేసి అడిగాడు కూడా. బండి బాగానే ఉంది.

ఆ తరవాత వానలు వెళ్ళాక వ్యాను ఆగడం మొదలైంది. ఒకరోజు తోటల మధ్య రోడ్డు మీద, ఐదుగురు రోగులతో, గంటన్నర ఆగిపోయింది. అందులో ఒక ముసలమ్మకి అప్పటికే ఒక వంతు తప్పిపోయి ఒళ్ళు నీరు పట్టి ఉంది. ఊపిరి అందక రోడ్డు పక్కనే కూలబడిపోయింది. ఆటో దొరికి, ఆసుపత్రి చేరి, నాలుగు రోజులు ఆక్సిజను మీద ఉండి బతికింది. బతికింది కాబట్టి ఈ మాట రాయగలుగుతున్నాను.

డ్రైవరు బండిని నా దగ్గరికి లాగించుకొచ్చాడు. మనిషి మండిపోతున్నాడు. షెడ్డులో నలుగురైదుగురు టిప్పరు డ్రైవర్లు టీ తాగుతూ చూస్తున్నారు. నేను వైర్ల కట్ట విప్పగానే మొదట కనబడింది మావ టేపు. "ఇదిగో, ఇక్కడ అతుకుంది. ఇక్కడే పోనాది" అనేశాను. చూడకుండా, బల్బు పెట్టకుండా, అందరూ వింటుండగా. అతుకుని కత్తిరించి పక్కన పెట్టి, మిగతా వైరుని సెన్సరు వైపు తడుముకుంటూ వెళ్ళాను. కనెక్టరుకి నాలుగు వేళ్ళ వెనక వైరు ఉబ్బి ఉంది. గిల్లితే తోలు ఊడొచ్చింది. లోపల రాగి లేదు. పచ్చటి చిలుము పొడి ఉంది.

ఆ చోటు నాకు తెలుసు. ఈ జిల్లాలో ఆ చోట సూది గుచ్చిన మనిషి ఒక్కడే.

బల్ల దగ్గరికి వెళ్ళి మావ అతుకుని బ్లేడుతో చీల్చి చూశాను. వేసిన రోజున ఎలా ఉందో అలా ఉంది. నీటి చుక్క లేదు. సరిగ్గా అప్పుడే డ్రైవరు మావకి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. "మావా, నీ అతుకే మా ముసల్దాన్ని సంపబోయినాది! సేతకానప్పుడు మానీయాల గాని మా పేణాల మీదికి తెత్తావేటి?" అని అరిచాడు.

అవతల మావ గొంతు. "అల్లుడున్నాడా అక్కడ? అల్లుడా, అతుకు వదిలీసినాదేటి?"

ఒక చేతిలో మెరుస్తున్న అతుకు. ఇంకో చేతి వేళ్ళకి పచ్చపొడి. టీ గ్లాసులు పట్టుకుని నలుగురూ నా వైపే చూస్తున్నారు. నాలుగు టిప్పర్ల డ్రైవర్లు, నా షెడ్డు, నా పేరు.

"అవును మావా" అన్నాను. "లోపలికి నీరు దిగిపోనాది."

"దిగిపోనాదా" అన్నాడు మావ. "అయ్యో."

ఆయన పోట్లాడి ఉంటే బాగుండేది. నా అతుకు అలా చెయ్యదు, సరిగ్గా చూడరా అని ఒక్క తిట్టు తిట్టి ఉంటే అప్పుడే నిజం కక్కేసేవాణ్ణేమో. ఏమో, నా మీద నాకు నమ్మకం లేదు. ఆయన మాత్రం పోట్లాడలేదు. నేను చెప్పానని నమ్మాడు. చూడటం నేర్పినవాడు తనే కాబట్టి, నేను చూసి చెబితే తను చూసినట్టే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి నా షెడ్డుకి నడిచొచ్చాడు. సంచిలో రెండు కళ్ళజోళ్ళూ ఉన్నాయి. "ఆ ముక్క ఉంచినావేటి? ఒకపాలి సూత్తాను. ఎక్కడ తప్పినానో తెలియాల గదా" అన్నాడు. ముక్క నా బల్ల సొరుగులో ఉంది. ఆయన ఆ బల్లకే చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"పారీసినాను మావా. సెత్తలో ఎల్లిపోనాది."

"పోన్లే" అన్నాడు. టీ తాగమంటే వద్దని, అక్కణ్ణించి మళ్ళీ బస్సెక్కి ఆ ముసలమ్మ ఊరికి వెళ్ళాడు. వాకిట్లో చేతులు జోడించి నిలబడి, తప్పు నాదే తల్లీ, క్షమించు అని అడిగాడట. ఆ సంగతి డ్రైవరు తరవాత చెప్పాడు. నేను తేలు కుట్టిన దొంగలా విని ఊరుకున్నాను.

ఆ వారం నుంచి మావ వైర్ల పని మానేశాడు. ఎవరొచ్చినా "కళ్ళు తగ్గినాయి బాబూ, టెక్కలి ఎల్లండి, మా అల్లుడు సూత్తాడు" అనేవాడు. బ్యాటరీలకి నీళ్ళు పొయ్యడం, హారన్లు బిగించడం మిగిలాయి. ఏడాది తిరక్కుండా షెడ్డు మూసేశాడు. నా షెడ్డుకి ఇంకో రెండు రేకులు వేశాను. మావ చేతికి వయసొచ్చేసిందిరా అని ఎవరైనా అంటే నేను అవుననలేదు, కాదనలేదు. తల ఒక విధంగా ఊపేవాణ్ణి. ఆ ఊపుడుని ఎవరికి ఏది కావాలంటే అది అనుకునేవాళ్ళు.

చెప్పేద్దామని మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. ప్రతిసారీ అత్త, అంటే మావ భార్య, పనసకాయో ముంజెలో పెట్టేది. మావ టిప్పర్ల గురించి, కొత్త రకం సెన్సర్ల గురించి ఆరాలు తీసేవాడు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "నువ్వు టయానికి సూసినావు గనక సరిపోనాది. నేకపోతే ఇంకెవరి పేణం పోనో" అన్నాడు. ఆ తరవాత నేను వెళ్ళడం మానేశాను. పండగలకి ఫోను చేసేవాణ్ణి.

పోయిన ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఆయన జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాటలు పాడి, వాక్యం చదివి, ఎవరైనా రెండు మాటలు చెప్పాలనుకుంటే లేవండి అన్నారు అయ్యగారు. శిష్యుణ్ణి కాబట్టి నన్నే ముందు లేపారు. పాల వ్యాను కథ చెప్పాను. ఫోను, టవరు మాటకి అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. కూర్చున్నాను. అంతటితో తప్పించుకున్నాననే అనుకున్నాను.

తరవాత డ్రైవరు లేచాడు. "మావ సేతిలో తప్పు జరిగింది ఒక్కపాలే" అన్నాడు. "మా వ్యాను అతుకు వదిలీసినాది. నాను నోటికొచ్చినట్టు తిట్టినాను. ఇంకోడయితే కాదనీవోడు, మా మీదకే వచ్చీవోడు. ఆ మారాజు మా ముసల్దాని గుమ్మంలోకి వచ్చి దండం పెట్టినాడు. తప్పు సెయ్యనోడు ఎవడున్నాడు? ఒప్పుకున్నోడు ఆయనొక్కడే!"

ఆమెన్ అన్నారు వెనకనుంచి ఎవరో. ముసలమ్మ కూడా వచ్చి, గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. తలాడించింది. చెయ్యని తప్పుకి మావని పొగుడుతున్నారు. రేపు సమాధి మీద కూడా అదే చెప్పుకుంటారు. నా నిశ్శబ్దాన్ని ఆయన పేరుకి అతికించి శాశ్వతం చేసేస్తున్నారు. నా కాళ్ళు లేచి నిలబడ్డాయి, నేను లేచానని చెప్పుకోలేను.

"ఆ అతుకు వదల్నేదు" అన్నాను. "ఆ అతుకు బాగానే ఉన్నాది. తప్పు నాది."

అన్నీ చెప్పాను. సూది, జిగురు డబ్బా, పచ్చపొడి, ఫోను, సొరుగు. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. అయిపోయాక డ్రైవరు నా వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. "అంటే ఆ మనిషిని నాసేత తిట్టించినావేటి బావా? నువ్వు పక్కనే ఉండి? నువ్వు తిట్టించి, విన్నావా?" అన్నాడు. అవునన్నాను. కొడతాడనుకున్నాను. వెనక్కి తిరిగి బయటికి వెళ్ళిపోయాడు. ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నా గుమ్మంలోకి వచ్చినోడికి నాను గుక్కెడు నీలియ్యనేదు" అని మాత్రం అంది. అది నాతో అన్నది కాదు.

అత్త జనం అంతా వెళ్ళేదాకా బెంచీ మీదే కూర్చుంది. అప్పుడు "ఇంటికి రా" అంది. నేను వెనక నడిచాను. దారి పొడుగునా ఆమె ఏమంటుందా అని చూశాను. గేటు తీసింది, ఇంట్లోకి వెళ్ళకుండా పక్కనుంచి పెరట్లోకి తీసుకెళ్ళింది.

గోడ వారగా, కొబ్బరాకుల నీడన, చెక్క బల్ల ఉంది. దాని మీద వరసగా ఊరగాయ సీసాలు పెట్టి ఉన్నాయి. అన్నిట్లోనూ నీళ్ళు. ప్రతి సీసా మూతి మీదా అడ్డంగా పుల్ల, పుల్లకి దారం, దారానికి వేలాడుతూ నీళ్ళలో మునిగిన వైరు ముక్క. ప్రతి ముక్కకీ మధ్యలో ఒక అతుకు. సీసాల మీద అన్నం మెతుకులతో అంటించిన కాగితాలు, మావ వంకర రాత. మామూలు అతుకు. స్లీవు నేకండా. టేపు రెండు సుట్లు. సోల్డరు తక్కువ. ఎడం సేత్తో. ఒక కళ్ళజోడుతో. కళ్ళజోడు నేకండా.

"నెలకోపాలి అక్కుపల్లి తీరానికి బస్సెక్కి ఎల్లి, క్యానుతో సముద్రం నీల్లు తెచ్చీవోడు" అంది అత్త. "ఏటీ పిచ్చి పని అంటే, నా అతుకు ఎక్కడ నీరు తాగతందో తెలాల గదే అనీవోడు. నెలా రెండ్నెల్లు నానబెట్టి కోసి సూసీవోడు. ఒక్కటీ తాగినట్టు కనబడ్నేదట. అయితే నా సెయ్యి ఆ రోజే తప్పుంటాదని మల్లీ వేసీవోడు. రెండేళ్ళు ఇదే పని. ఇయి ఆఖర్ని పెట్టినాడు. ఎప్పుడు తియ్యాలో సెప్పకండా ఎల్లిపోనాడు. నువ్వు సెప్పు. తియ్యొచ్చా?"

తియ్యొచ్చన్నట్టు తలూపాను. ఆమె లోపలికి వెళ్ళి బ్లేడు తెచ్చి నా చేతికిచ్చింది.

నేల మీద కూర్చుని మొదటి సీసాలోంచి ముక్క తీశాను. టేపు విప్పి, స్లీవు చీల్చాను. లోపల పొడిగా ఉంది. రాగి ఎర్రగా, కొత్త తీగలాగే ఉంది. అత్త వంగి చూసింది.

"బాగున్నాదా?"

"బాగుంది అత్తా."

"ఆయనకి సెప్పవలసిన మాట" అంది. నా ఎదురుగా కూర్చుని అరచెయ్యి చాపింది. "అన్నీ సూడు."

పదకొండు సీసాలున్నాయి. ఒక్కొక్కటీ విప్పి చూసి, బాగుంది అని చెప్పి ఆమె చేతిలో పెట్టాను. కళ్ళజోడు లేకుండా వేసినదానితో సహా.